ఎలుగుల జగన్నాధం

మా తాటిపుట్టుగ తోటల్లో ఎలుగుబంటి కనబడిందంటే జనం ముందు ఫోన్ చేసేది ఫారెస్టువాళ్ళకి కాదు, జగన్నాధానికి. ఒకవేళ ఫారెస్టువాళ్ళకి చేసినా వాళ్ళు మళ్ళీ చేసేది జగన్నాధానికే. "గైడున్నాడా?" అని అడుగుతారు. గైడట! అరకులో గుహలు చూపించేవాడి పేరు తెచ్చి ఈయన నెత్తిన పెట్టారు. నిజానికి ఆయన జీడితోటల కాపలా మనిషి. చేతిలో వెదురుకర్ర, మెడలో తువ్వాలు, కాళ్ళకి ఎవరో వాడి వదిలేసిన బూట్లు. ముందు ఈయన నడవాలి, వెనక వలలూ తుపాకులూ పట్టుకుని వాళ్ళు నడవాలి. ఎలుగు ఎదురైతే ముందు ఎవరిమీద పడుతుందో మీరే ఆలోచించండి.

నా పేరు తిరుమలరావు. నాకో చిన్న వ్యాను ఉంది. తోటల్లోంచి పలాస బట్టీలకి జీడిపిక్కలు తోలుతాను. జగన్నాధం నాకు ఊరి వరసని బావ, ఆయన భార్య అసిరమ్మ నాకు అప్ప, అంటే అక్క వరస. ఆయన ఎలుగు వెనక ఎంత దూరం పోయినా చివరికి రోడ్డు మీద కూలబడి పిలిచేది నన్నే. "ఒరే తిరుమలా, వచ్చీరా. కాళ్ళు రావట్నేదు" అంటాడు. నేను తిట్టుకుంటూ వెళ్తాను. ఎక్కుతాడు, సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంటాడు. బూట్లు విప్పితే పాదాలు పొంగి ఉంటాయి. ఈ కిడ్నీ జబ్బుల ఉద్దానంలో ఎవరికి పొంగవు గనక! డాక్టరు నడక తగ్గించమన్నాడు. ఎలుగులు నడక మానితే కదా ఈయన మానడానికి.

ఈ పని ఆయన కోరుకున్నది కాదు, ఆయనకి ఎవరూ నేర్పిందీ కాదు. ఏళ్ళ తరబడి చీకటితో లేచి తోటలోకి వెళ్ళేవాడు కాబట్టి తెలిసిపోయింది. చెదపుట్ట తవ్విన మట్టి ఇంకా చెమ్మగా ఉందా, ఆరిపోయిందా చూస్తాడు. పనసచెట్టు బెరడు మీద గోళ్ళగీతలు తడిమి చూస్తాడు. గాలి ఏ పక్కనించి వీస్తోందో చూసుకుని మొగలిడొంక అవతలికి తిరిగి వెళ్తాడు. తోటలో అడుగుపెట్టేముందు మాత్రం గట్టిగా దగ్గుతాడు. నోరు లేని జంతువుని ఉలిక్కిపడేలా చేయకూడదు, అదీ ఆయన పద్ధతి. మనిషి వస్తున్నాడని తెలిస్తే అదే పక్కకి తప్పుకుంటుందట.

ఆయన ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. ఆ గడప లోపల ఎలుగు పేరు ఎత్తకూడదు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని కాపలావాళ్ళ ఇళ్ళల్లో నమ్మకం. "పెద్దాయన" అంటారు. "పెద్దాయన పడమటి తోటకెళ్ళినాడు", "పెద్దాయన పనసపండు తిని పోనాడు." కొత్తగా వినేవాళ్ళు ఈ ఇంట్లో తాతగారెవరో బలే తిరుగుబోతు అనుకుంటారు. అసిరమ్మప్ప పాతపట్నం పైన కొండవార పల్లె నుంచి ఈ ఇంటికి కోడలై వచ్చిన రోజునే అత్తగారు ఈ సంగతి చెప్పిందట. అప్పటినించీ ఆవిడ నోట కూడా పెద్దాయనే.

మిగతా ఊరికి ఆ పట్టింపు లేదు. మేం ఎలుగుని ఎలుగనే అంటాం. ఒక్కదానికి మాత్రం ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నాం, గుడ్డెలుగు అని. ముసలిది. రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. బావ కాపలా కాసే తోట చివర రాళ్ళ గుట్టలో ఉండేది. ముక్కుతో వెతుక్కుని రాలిన జీడిపళ్ళు తినేది. దాన్ని చూసి పరిగెత్తినవాళ్ళున్నారు గానీ అది తరిమినవాళ్ళు లేరు. బావ దగ్గు వినిపిస్తే తినడం ఆపి, మూతి పైకెత్తి వాసన చూసి, ఆయన దాటిపోయేదాకా అలాగే కూర్చునేది. వేరే ఎవరి అలికిడైనా గుట్టలోకి దూరిపోయేది. నేనూ ఒకసారి దగ్గి చూశాను. నన్ను లెక్కచేయకుండా పోయింది. బావ పడీపడీ నవ్వాడు. ఆయన అంతలా నవ్వగా నేను చూసింది తక్కువ.

ఆ ఎండాకాలం జీడిపిక్కలు బాగా రాలాయి. తెల్లవారుతూండగా అసిరమ్మప్ప బుట్ట పట్టుకుని తోటలోకి వెళ్ళింది. బావ ఆ పూట పలాస ఆస్పత్రికి వెళ్ళి ఉన్నాడు. కాసేపటికి కేకలు. మేం పరిగెత్తేసరికి ఆవిడ జీడిచెట్టు మొదట్లో పడి ఉంది. తల మీద చర్మం లేచిపోయింది, భుజం చీరుకుపోయింది, ముఖమంతా రక్తం. నా వ్యానులో గోనెలు పరిచి పడుకోబెట్టాం. దారి పొడుగునా ఆవిడ ఒకటే మాట. "గుడ్డెలుగు... ఓలమ్మో, గుడ్డెలుగు..."

వ్యానులో ఉన్న అందరం విన్నాం. ముందుసీట్లో కూర్చున్న నాగబాబూ విన్నాడు. వాడు అప్పకి అక్క కొడుకు వరస, గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. పలాస చేరేలోపే ఊరంతా ఫోన్లు చేసేశాడు.

బావ ఆస్పత్రి గేటు దగ్గర ఎదురొచ్చాడు. వైద్యం చేయించుకోడానికి వెళ్ళిన మనిషి పెళ్ళాన్ని స్ట్రెచర్ మీద చూశాడు. "ఏదిరా?" అని అడిగాడు. "గుడ్డెలుగంట" అన్నాను. ఆయన నమ్మలేదు. "అదా? అదెందుకు కొడతాది రా? పక్కనించి ఎల్లినా ఊరుకుంతాది గదా" అన్నాడు. అంతలోనే అప్ప మళ్ళీ అదే మాట మూలిగింది. ఆయన గోడకి జేరబడిపోయాడు.

శ్రీకాకుళం పెద్దాస్పత్రిలో కుట్లు వేశారు. బతికింది. ఇంటికొచ్చింది. కానీ ఆ వచ్చిన మనిషి గడప దాటలేదు. ఎండాకాలంలో కిటికీ కూడా మూసి, తలుపుకి గొళ్ళెం పెట్టి లోపలే కూర్చునేది. పెరట్లోకి వెళ్ళాలంటే బావ కర్ర పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాలి. కుక్క కదిలినా అరిచేది. ఊరి పెళ్ళిళ్ళలో అందరికన్నా ముందు పాట ఎత్తుకునే మనిషి! నీళ్ళు బావే తేవాలి, వంట బావే చేయాలి, ఆ పొంగిన కాళ్ళతో తోటకీ బావే వెళ్ళాలి.

ఒకరోజు నేను ఉండగానే బావ నెమ్మదిగా అడిగాడు. "ఒసే, పెద్దాయన... నువ్వు యాన్‌లో అన్నదేనా? బాగా సూసినావా?"

"అదే" అని అప్ప గోడవైపు తిరిగింది. "మల్లీ దాని ఊసెత్తకు. అది ఈ తోటల్లో ఉన్నన్నాళ్ళు నాను గడప దాటను. అది ఎలిపోయిననాడు సెప్పు, వస్తాను."

ఇంక అడగడానికి ఏముంది? భార్య మళ్ళీ బయట గాలి పీల్చాలంటే ఆ గుడ్డెలుగు వెళ్ళిపోవాలి. అంతే. బావకి రోజంతా అదే ఆలోచన.

ఇంకోపక్క నాగబాబు కుర్రాళ్ళని పోగుచేసి బల్లేలూ టపాకాయలూ సిద్ధం చేస్తున్నాడు. చంపుతారో, చస్తారో, రెండూనో. బావే ఫారెస్టు ఆఫీసరు గురుప్రసాద్ గారికి ఫోన్ చేశాడు. "నాను సూపిస్తాను బాబూ, బేగి వచ్చి పట్టుకుపోండి. సంపకండి, పట్టుకుపోండి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందంటే, ఇంటికి వచ్చిన చుట్టాన్ని పంపేయమని చెబుతున్నట్టుంది.

గురుప్రసాద్ గారు నలుగురు మనుషులతో, బోనుతో వచ్చారు. ఆయనా అంతకుముందు ఏనుగుల వెనక తిరిగి వచ్చినట్టున్నారు, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. విశాఖ నుంచి కౌముది అని పశువుల డాక్టరమ్మ వచ్చింది. మత్తుసూది పేల్చే తుపాకీ ఆవిడ చేతిలోనే ఉంది. వాళ్ళ పెద్ద బండి ఇసకలో దిగబడుతుందని బోను నా వ్యానులోకి ఎక్కించారు. వల మోయడానికి మనిషి తక్కువైతే ఆ కొసా నాకే అంటగట్టారు. నా పిక్కల బేరం ఆ రోజుకి గోవిందా.

డాక్టరమ్మ అందర్నీ నిలబెట్టి చెప్పింది. "మాటలొద్దు. ఫోన్లు ఆపేయండి. తుమ్ము వచ్చినా దగ్గు వచ్చినా ఆపుకోండి. సూది దిగాక అది పడేవరకు ఎవరూ ముందుకి వెళ్ళొద్దు."

"అలాగేనమ్మా" అన్నాడు బావ. తోట మొదట్లో అలవాటుగా గొంతు సవరించబోయి ఆపుకున్నాడు. నేను చూశాను.

ఎంతసేపు నడిచామో! ఎండ నెత్తికెక్కింది. జీడాకులు కాలికింద పెళపెళమంటున్నాయి. బావ రెండడుగులు వేసి ఆగుతాడు, కర్ర మీద ఒళ్ళు ఆనించి ఊపిరి తీసుకుంటాడు, మళ్ళీ నడుస్తాడు. ఒకచోట తాజాగా తవ్విన పుట్ట కనబడింది. గురుప్రసాద్ గారు ఆశగా అటు చూపించారు. బావ తల అడ్డంగా ఊపాడు. అడుగు చూపించి, ఇది వేరే దానిది, పడుచుది అని చేత్తో సైగ చేశాడు. మేం దాన్ని వదిలేసి ముందుకి వెళ్ళాం. మాకు కావలసింది గుడ్డెలుగు కదా మరి.

రాళ్ళ గుట్ట దగ్గర పనసచెట్టు కింద అది కనబడింది. మాకు వీపు పెట్టి ఏదో తింటోంది. డాక్టరమ్మకి మధ్యలో కొమ్మలు అడ్డొస్తున్నాయి. ఇంకొంచెం దగ్గరికి వెళ్ళాలని చెయ్యి ఊపింది. కాలు కదిపితే ఆకుల చప్పుడు. ఎలుగు చెవులు నిక్కించింది, లేచి నిలబడింది. ఇంకొక్క క్షణమైతే గుట్టలోకి దూరిపోయేదే. సరిగ్గా అప్పుడు బావకి దగ్గొచ్చింది. పొద్దుట్నించీ ఆపుకున్న దగ్గు! నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

గురుప్రసాద్ గారు పళ్ళు నూరారు. అయిపోయింది, ఇంత నడకా వృథా అనుకున్నాను.

అది పారిపోలేదు. దగ్గు వినగానే మూతి పైకెత్తి, ఇటు తిరిగి, చతికిలబడి కూర్చుంది. బావ దాటిపోవాలి కదా, దారిచ్చింది. రొమ్ము మీద తెల్లటి మచ్చ కూడా స్పష్టంగా కనబడుతోంది. టప్‌మని చప్పుడైంది. సూది భుజంలో దిగింది. అది మూలిగి లేచింది. గుట్టవైపు పోతుందనుకున్నాం. తూలుకుంటూ ఇటే వచ్చింది, దగ్గు వినబడిన వైపుకే. నాలుగడుగులు వేసి ముందుకాళ్ళ మీద కూలిపోయింది.

అందరూ అమ్మయ్య అనుకున్నారు. డాక్టరమ్మ బావ భుజం తట్టి, "మీ దగ్గే పని చేసిందండీ" అంది. ఆవిడకేం తెలుసు పాపం. బావ ఇసకలో కూర్చుండిపోయాడు. "నానని ఆగినాది రా, తిరుమలా" అన్నాడు. నేను వలకొస పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాను. నాకు ఏడుపు ఆగలేదు, ఆగకపోతే ఆగకపోనీ.

బోనులో పెట్టి, వ్యానుకెక్కించి ఊళ్ళోకి వచ్చేసరికి ఇసకేస్తే రాలనంత జనం. ఫోన్లు పైకెత్తి వీడియోలు. నాగబాబు టపాకాయలు కాల్చేశాడు, ఎలుగుని చంపడానికి కొన్నవే. "మా పిన్ని పేనం తియ్యబోనాది, సూడండర్రా దొంగమొకాన్ని!" అని బోను మీద కొడుతున్నాడు. డాక్టరమ్మ గట్టిగా కసిరితే తగ్గాడు.

బావ తిన్నగా ఇంటికెళ్ళి తలుపు కొట్టాడు. "ఒసే, ఎలిపోతన్నాది. రా."

గొళ్ళెం తీసిన చప్పుడైంది. అసిరమ్మప్ప బయటికొచ్చింది. తల మీద కొంగు, కొంగు కింద కుట్లు. వెలుతురికి కళ్ళు చిట్లించుకుంటూ గోడ పట్టుకుని మెట్లు దిగింది. జనం మాటలాపి దారిచ్చారు. బావ పక్కన నడుస్తున్నాడు గానీ ముట్టుకోలేదు, తనంతట తనే నడవాలని కాబోలు. ఆయన ముఖంలో ఎన్నాళ్ళకో కాస్త వెలుగు చూశాను. ఇంత కష్టానికీ ఈ పది గజాల నడక చాలనిపించింది నాకు.

అప్ప బోను దగ్గరికి వచ్చి నిలబడింది. లోపల ఎలుగు మత్తులో సగం కళ్ళు తెరిచి పడుకుని ఉంది. ఆవిడ వంగి దాని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఇది కాదు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. "ఏటి కాదు, పిన్నీ?" అన్నాడు నాగబాబు.

"నన్ను కొట్టింది ఇది కాదురా. అది పడుసుది. నా కళ్ళల్లోకి సూసి మరీ మీద పడింది. దీనికి కళ్ళేవీ? ఇది మన రాళ్ళకాడ ముసల్ది కాదేటి!"

"మరి నువ్వే కదా పిన్నీ, గుడ్డెలుగు గుడ్డెలుగని యాన్‌లో ఒకటే అరిసినావు?"

అప్ప వాడివైపు వింతగా చూసింది. "ఎలుగుని గుడ్డెలుగనక ఏటంతారురా? మా కన్నోరి ఊర్లో అందరూ అలాగే అంతారు. కళ్ళున్నదీ గుడ్డెలుగే, కళ్ళు లేనిదీ గుడ్డెలుగే. ఇక్కడ మీ ఇంట్లో పేరెత్తనియ్యరు కదా. అంత నెప్పిలో మా అమ్మ పలికిన మాటే నోటికొచ్చినాది."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ ఇంట్లో ఒక్కసారైనా ఎలుగుని పేరు పెట్టి పిలిచి ఉంటే బావకి తెలిసేది. ఆ కొండవార ఊళ్ళల్లో ఏ ఎలుగైనా గుడ్డెలుగే, కంటితో పని లేదు. మాకేమో ఆ పేరుతో ఒక్కటే ఉంది. పొద్దున మేం సైగ చేసుకుని వదిలేసి వచ్చిన ఆ తాజా అడుగు ఎవరిదో అప్పుడు తట్టింది నాకు.

బావ వ్యాను చక్రం పక్కన చతికిలబడ్డాడు. గురుప్రసాద్ గారి వైపు తలెత్తి, "బాబూ, ఇది కాదంట. ఇడిసిపెట్టీండి. నాను సేసిన తప్పు, దాన్ని ఇడిసిపెట్టీండి" అన్నాడు.

గురుప్రసాద్ గారు జనాన్ని చూశారు, నాగబాబు చేతిలో కర్రని చూశారు. ఆయనకి కోపం కూడా రాలేదు, అంత అలసిపోయి ఉన్నారు. "ఇక్కడ దింపితే చీకటి పడేలోపు దీన్ని కొట్టి చంపేస్తారు, జగన్నాధం. నువ్వు ఆపగలవా? నేను ఆపగలనా?" అన్నారు.

"కళ్ళు లేవు కదా, జూలో అయితే తిండి పెడతారు. బతుకుతుంది" అంది డాక్టరమ్మ మెల్లగా.

"ఇన్నాళ్ళూ బతికినాదమ్మా" అన్నాడు బావ. అంతకుమించి వాదించే ఓపిక ఆయనకి లేదు.

అప్ప మాత్రం ఊరుకోలేదు. భర్త దగ్గరికి వచ్చి నిలబడి అడిగింది. అరిచి ఉంటే బాగుండేది, అరవలేదు. "దాన్నెందుకు పట్టించీసినావు? అదేటి సేసింది మనకి?"

"నీకోసమే" అనొచ్చు ఆయన. అనలేదు. ఆవిడ ఓ క్షణం చూసి, గోడ పట్టుకుని మెట్లెక్కి, లోపలికి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది.

బోనుని రోడ్డు దాకా తోలింది నేనే. బావ ఎక్కలేదు. అద్దంలో చూస్తే అలాగే కూర్చుని ఉన్నాడు.

తర్వాత ఫారెస్టువాళ్ళు ఆ పడుచుదాని కోసం బోను పెట్టారు. పడలేదు. జనం గుంపులుగా డబ్బాలు మోగించుకుంటూ తోటలకి వెళ్తున్నారు. బావ కాపలా మానేశాడు. ఇంట్లోనే ఉంటున్నాడు. అప్పకి వంట చేస్తాడు, పెరటి గుమ్మం దగ్గర నిలబడతాడు, మిగతా పొద్దంతా అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. నేను వెళ్ళి నాలుగు జోకులు వేస్తాను. నవ్వుతాడు, నా తృప్తి కోసం.

వానలు మొదలయ్యాక ఒకరోజు అలాగే కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. గురుప్రసాద్ గారు. పక్కనున్న నాకూ వినబడుతోంది. భావనపాడు వైపు సరుగుడు తోటల్లో ఎలుగు తిరుగుతోందట, వయసులో ఉన్నదట, ఒక్కసారి వచ్చి దారి చూపించాలట. "అదే అయుండొచ్చు జగన్నాధం, ఈసారి సరైనదే దొరుకుతుంది" అంటున్నారు.

బావ అంతా విన్నాడు. గోడకి ఆనించి ఉన్న కర్రవైపు చూశాడనుకుంటాను.

"నాకు ఎలుగులు తెలవ్వు బాబూ" అన్నాడు.

అవతల ఏదో అంటూనే ఉన్నారు. ఆయన ఫోన్ పెట్టేశాడు. లోపల్నించి అప్ప, "ఎవులు?" అంది.

"ఎవులో. రాంగ్ నంబరు."

"అయితే లోపలికి వచ్చీ, గొళ్ళెమేసీయి" అంది. బావ నా భుజం పట్టుకుని లేచి, బూట్లు అరుగు మీదే వదిలేసి లోపలికి వెళ్ళాడు.